పిట్టను పక్కన పెట్టి కట్టిన డెక్

మొన్న కార్డుల పెట్టెలు సర్దుతుంటే అట్ట ఊడిపోయిన నోట్‌బుక్ ఒకటి దొరికింది. 2023 ఆగస్టులో రాసుకున్నది. మొదటి పేజీ అడుగున నా చేతిరాతలో "ఫైర్ ఎనర్జీ - 12" అని ఉంది. దాని పక్కనే మా తమ్ముడు ఎర్ర పెన్నుతో "అక్కా, ఇది డెక్కా, కుంపటా?" అని రాశాడు.

ఆ నెల 11న పోకెమాన్ కార్డ్ గేమ్‌లో ఆబ్సిడియన్ ఫ్లేమ్స్ అనే కొత్త సెట్ వచ్చింది. అందరి కళ్లూ అందులోని చారిజార్డ్ ఈఎక్స్ మీదే. 330 హెచ్‌పీ, అంటే అంత దెబ్బ తగిలితే గానీ పడదు. దాడికి ఇంధనంలాంటి ఫైర్ ఎనర్జీ కార్డులు రెండు ఉంటే 180 దెబ్బ. ఎదుటివాళ్లు తీసుకున్న ఒక్కో ప్రైజ్‌కీ ఇంకో 30 కలుస్తుంది. వీటికి తోడు దాని ఎబిలిటీ, అంటే దాడి కాకుండా ఉన్న ప్రత్యేక శక్తి: కింది మెట్టు పోకెమాన్ మీద చేతిలోంచి వేసి ఎవాల్వ్ చేసిన వెంటనే, డెక్‌లోంచి మూడు బేసిక్ ఫైర్ ఎనర్జీల వరకు వెతికి మన పోకెమాన్లకు ఎలా కావాలంటే అలా తగిలించుకోవచ్చు. అది చదవగానే నాకు ఇంకేం కనబడలేదు. ఆ రాత్రే డెక్ కట్టేశాను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. డెక్‌లో సరిగ్గా 60 కార్డులుండాలి. బేసిక్ ఎనర్జీలు తప్ప, ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించకూడదు. మొదట ఏడు కార్డులు చేతిలోకి తీసుకుంటాం, ఆరు కార్డులు ప్రైజ్‌లుగా బోర్లా పెడతాం. ఎదుటి పోకెమాన్‌ని నాకౌట్ చేసినప్పుడల్లా మన ప్రైజ్ ఒకటి తీసుకుంటాం. పడింది ఈఎక్స్ (పేరు చివర ఆ గుర్తున్న బలమైన కార్డు) అయితే రెండు, వీమ్యాక్స్ అయితే మూడు. ముందుగా ఆరూ తీసుకున్నవాళ్లు గెలిచినట్టు.

నా మొదటి డెక్‌లో 12 ఫైర్ ఎనర్జీలు, చార్మాండర్ అనే చిన్నదాని నుంచి దాని ఆఖరి మెట్టు చారిజార్డ్ దాకా 11 కార్డులు, ముచ్చటపడి పెట్టిన నిప్పు పోకెమాన్లు ఇంకొన్ని ఉన్నాయి. చారిజార్డ్ అంటే నిప్పు డ్రాగన్, కాబట్టి నిప్పు డెక్ కట్టాలి. నా లెక్క అంతే. ఆ లెక్కలో ఎన్ని తప్పులున్నాయో తెలియడానికి రెండు వారాలు పట్టింది.

మొదటి తప్పు చెబితే నవ్వుతారు. ఆ చారిజార్డ్ ఫైర్ టైప్ కాదు, డార్క్ టైప్. టెరా పోకెమాన్ కావడంతో టైప్ మారింది. దాడికి కావలసిన ఎనర్జీ మాత్రం నిప్పే. కార్డు పైన మూలలో ఉన్న గుర్తు చూస్తే తెలిసేది, నేను బొమ్మ చూశాను. మా తమ్ముడిది అప్పట్లో మ్యూ వీమ్యాక్స్ డెక్. అదే నెలలో యొకోహామాలో జరిగిన ప్రపంచ పోటీల్లో మ్యూ వీమ్యాక్సే గెలిచింది, దాంతో వాణ్ని పట్టలేకపోయాం. మ్యూకి 310 హెచ్‌పీ. నేను 180 కొడితే వాడు బుద్ధిగా 180 లెక్క వేసుకుని ఆట కొనసాగించేవాడు. అలా మూడు ఆటలు ఓడిపోయాక కార్డులు పక్కపక్కన పెట్టి చదివితే తెలిసింది, మ్యూ వీక్‌నెస్ డార్క్, ఆ టైప్ దెబ్బ దానికి రెట్టింపు తగులుతుంది. అంటే నా దెబ్బ 360, ఒక్క వేటుకు మూడు ప్రైజ్‌లు. తనకీ అప్పుడే తెలిసిందని వాడు ఒట్టేశాడు. నేను ఇంకా నమ్మలేదు.

రెండో తప్పు ఆ పన్నెండు ఎనర్జీలు. ఎబిలిటీ ఎనర్జీలను డెక్‌లోంచి లాగుతుంది. అంటే అవి డెక్‌లో ఉంటేనే నాకు లాభం. పన్నెండు పెడితే అవి చేతిలోకి వచ్చి కూర్చుంటాయి. టర్న్‌కి ఒక్కటే తగిలించగలం కదా. చేతిలో నాలుగు నిప్పులు, ఒక చార్మాండర్, ఇంకేమీ లేదు. ఎన్ని ఆటలు అలా మొదలయ్యాయో! ఒక చారిజార్డ్ దిగితే మూడు, రెండోది దిగితే ఇంకో మూడు. ఆరుంటే ఆట నడుస్తుంది. భయంతో ముందు తొమ్మిదికి తగ్గించాను, తర్వాత ఏడుకి. ఆరుకి దిగడానికి నెల పట్టింది. ఖాళీ అయిన చోట్లలో కార్డులు వెతికిపెట్టే కార్డులు వచ్చి చేరాయి.

బేసిక్ పోకెమాన్ల (ఎవాల్వ్ చెయ్యకుండా నేరుగా దించగలిగినవి) సంఖ్య గురించీ ఒక మాట. మొదటి ఏడు కార్డుల్లో ఒక్క బేసిక్ కూడా లేకపోతే మళ్లీ కలిపి పంచుకోవాలి, అలా జరిగిన ప్రతిసారీ ఎదుటివాళ్లకి ఒక కార్డు అదనంగా తీసుకునే అవకాశం. 60లో 8 బేసిక్‌లే ఉంటే ఇది దాదాపు 35 శాతం సార్లు జరుగుతుంది. 12 ఉంటే 19 శాతానికి దిగుతుంది. నా మొదటి డెక్‌లో ఎనిమిదే ఉన్నాయి. మన దురదృష్టం అనుకున్నదాంట్లో సగం మనం కట్టుకున్నదే.

ఇప్పుడు పిట్ట సంగతి. అదే సెట్‌లో పిడ్జియాట్ ఈఎక్స్ అనే పక్షి పోకెమాన్ కూడా ఉంది. టర్న్‌కి ఒకసారి డెక్‌లోంచి మనకు కావలసిన కార్డు ఏదైనా సరే తీసి చేతిలో పెట్టుకోవచ్చు. ఏదైనా! కార్డు చదివాను, పెట్టెలో పడేశాను. నా వాదన నాకు బలంగానే అనిపించింది. చారిజార్డ్ రెండు మెట్లెక్కాల్సిన పోకెమాన్. చార్మాండర్‌ని బెంచ్ (ముందు నిలబడి ఆడే పోకెమాన్ వెనక వరుస) మీద పెట్టి, తర్వాతి టర్న్‌లో మధ్య మెట్టును దాటించే రేర్ క్యాండీ, చారిజార్డ్ రెండూ చేతిలో ఉంటేనే పని అవుతుంది. ఆ ఒక్కటే సరిగ్గా దించలేకపోతుంటే, రెండు మెట్లదే ఇంకోటి ఎందుకు నెత్తిన పెట్టుకోవడం?

ఆ డెక్‌తోనే ఒక చిన్న టోర్నమెంట్‌కి వెళ్లాను. మూడు రౌండ్లు ఆడాను, మూడూ పోయాయి. ఒక ఓటమి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. బెంచ్ మీద రెండు చార్మాండర్లు, చేతిలో క్యాండీ, చారిజార్డ్. ఇక నా టర్న్ రావడమే తరువాయి. ఎదుటి కుర్రాడు రేడియంట్ గ్రెనింజాతో దాడి చేశాడు. రెండు పోకెమాన్లకు చెరో 90. నా రెండు చార్మాండర్లూ ఒకేసారి పోయాయి. చేతిలో చారిజార్డ్ అలాగే ఉంది, దాన్ని దేని మీద దించను? బెంచ్ మీదున్నవాటికి దాడుల దెబ్బ తగలకుండా అడ్డుకునే మనాఫీ అనే చిన్న పోకెమాన్ ఉంది. ఇంట్లోనే ఉంది, డెక్‌లో లేదు.

ఇంకో ఓటమి పాత్ టు ద పీక్ వల్ల. ఆ స్టేడియం కార్డు టేబుల్ మీద ఉంటే ఈఎక్స్, వీ లాంటి రూల్ బాక్స్ (కార్డు మీదే ప్రత్యేక నియమం రాసి ఉండే) పోకెమాన్ల ఎబిలిటీలు పనిచెయ్యవు. మిగతావాళ్లకి అది తాత్కాలికమైన ఇబ్బంది. స్టేడియం పోగానే ఎబిలిటీ తిరిగొస్తుంది. చారిజార్డ్‌కి అలా కాదు. దాని ఎబిలిటీ ఎవాల్వ్ అయిన ఆ క్షణానిదే. ఆ క్షణంలో పాత్ ఉందంటే ఆ చారిజార్డ్‌కి ఆ అవకాశం పోయినట్టే. స్టేడియం తీసెయ్యడానికి నా దగ్గర లాస్ట్ వాక్యూమ్ ఒక్కటి ఉండేది. వెతికితే డెక్‌లో లేదు, ప్రైజ్‌లలో పడింది. ఒకే ఒక్కటి పెట్టిన కార్డు ఆ ఆరింట్లో పడే అవకాశం 10 శాతం. రెండు పెడితే రెండూ అక్కడే ఇరుక్కునే అవకాశం ఒక శాతం కూడా ఉండదు. ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో "వాక్యూమ్ - 2" అని రాసి దాని చుట్టూ రెండు సార్లు గీశాను.

ఆ వారం తమ్ముడు నన్ను అడక్కుండా నా డెక్ తీసుకున్నాడు. ముచ్చటకి పెట్టిన నిప్పు పోకెమాన్లు తీసేసి, కాగితం ముక్కల మీద పేర్లు రాసి స్లీవ్‌లలో పెట్టాడు. రెండు పిడ్జీలు, రెండు పిడ్జియాట్లు, ఒక మనాఫీ, నాలుగు అర్వెన్లు. అర్వెన్ కార్డు ఒక ఐటమ్‌నీ (వేసి వాడేసే కార్డు) ఒక టూల్‌నీ (పోకెమాన్‌కి తగిలించేది) కలిపి వెతికిపెడుతుంది. ఐటమ్‌గా రేర్ క్యాండీ, టూల్‌గా ఫారెస్ట్ సీల్ స్టోన్. ఆ స్టోన్ తగిలించిన వీ పోకెమాన్ ఆటలో ఒకసారి డెక్‌లోంచి ఏ కార్డైనా తెచ్చిపెడుతుంది. అంటే ఒక్క అర్వెన్ చేతికొస్తే క్యాండీ, చారిజార్డ్ రెండూ వచ్చినట్టే. "ఆడి చూడు, నచ్చకపోతే తీసెయ్" అన్నాడు.

ముందు నేనొక్కదాన్నే 20 సార్లు పంచుకుని, రెండో టర్న్‌కి చారిజార్డ్ దిగుతుందా లేదా అని లెక్క రాసుకున్నాను. పాత డెక్‌తో ఇదే పని చేస్తే సగం సార్లు కూడా దిగలేదు. కొత్తదానితో దిగనప్పుడు కంగారుగా అనిపించింది. దిగడం అంత మామూలైపోయింది.

కానీ పిట్ట విలువ తెలిసింది అక్కడ కాదు, ఆట చివర్లో. ఇయోనో అనే సపోర్టర్ కార్డు వేస్తే ఇద్దరూ చేతిలో ఉన్నవన్నీ డెక్ అడుగున పెట్టి, తమకు ఎన్ని ప్రైజ్‌లు మిగిలాయో అన్నే కార్డులు తీసుకోవాలి. ఎదుటివాడు నాలుగు ప్రైజ్‌లు తీసుకున్నాడనుకోండి. నేను ఇయోనో వేస్తే వాడికి రెండే కార్డులు. నా చారిజార్డ్ దెబ్బ అప్పటికి 300. వాడు గెలుపు దగ్గరికి వచ్చేకొద్దీ చేతిలో కార్డులు తగ్గిపోతుంటాయి, నా దెబ్బ పెరిగిపోతుంటుంది. మరి అదే ఇయోనో వాడు నా మీద వేస్తే? పిట్ట బెంచ్ మీద ఉంటే నాకు చింత లేదు. చేతిలో ఒక్క కార్డే మిగిలినా, కావలసింది ప్రతి టర్న్‌లోనూ పిలిచి తెచ్చుకుంటాను. చారిజార్డ్ వెనకబడి గెలిచే డెక్. వెనకబడ్డప్పుడు తడుముకోకుండా చూసేది పిడ్జియాట్. పెట్టె మీద వేసిన బొమ్మ చారిజార్డ్‌దే అయినా, నన్నడిగితే ఆ సెట్‌లో అసలు కార్డు పిట్టే.

నాలుగో చారిజార్డ్‌ని తీసెయ్యడానికి మాత్రం చాలా గింజుకున్నాను. మూడే పెడితే వాటిలో కనీసం ఒకటి ప్రైజ్‌లలో పడే అవకాశం 27 శాతం పైనే. అయినా పిట్ట ఉంటే రెండు చాలు. అలవాటు కావడానికి టైమ్ పట్టింది, అంతే.

ఆ తర్వాత ఏ సెట్ వచ్చినా నేను మామూలు కార్డులు ముందు చదవడం మొదలుపెట్టాను, మెరిసే కార్డులు ఆఖర్న. 2024 రొటేషన్‌లో, అంటే పోటీల్లోంచి పాత కార్డులు తీసేసినప్పుడు, పాత్ టు ద పీక్ వెళ్లిపోయింది, చారిజార్డ్ ఊపిరి పీల్చుకుంది. దాంతోపాటు మొదటి టర్న్‌లో బెంచ్ నింపే బ్యాటిల్ వీఐపీ పాస్ కూడా పోయింది. టెంపోరల్ ఫోర్సెస్‌లో వచ్చిన బడ్డీ బడ్డీ పాఫిన్ ఆ లోటు తీర్చింది. 70 హెచ్‌పీ గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్న బేసిక్‌లను రెండింటి వరకు నేరుగా బెంచ్ మీదికి దింపుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ ఏడాది ష్రౌడెడ్ ఫేబుల్‌లో వచ్చిన డస్క్‌నాయర్. తనను తాను నాకౌట్ చేసుకుని ఎదుటి పోకెమాన్ మీద 13 డ్యామేజ్ కౌంటర్లు (అంటే 130 దెబ్బ) పెడుతుంది. దాని కింది మెట్టు డస్క్‌లాప్స్ అయితే 5. బదులుగా ఎదుటివాడికి ఒక ప్రైజ్ ఊరికే ఇచ్చుకోవాలి. ఏ డెక్‌కైనా అది నష్టమే, చారిజార్డ్‌కి మాత్రం కాదు. ఇచ్చిన ఒక్కో ప్రైజ్‌కీ మన దెబ్బ 30 పెరుగుతుంది. దాని టెక్స్ట్ చదివిన సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేశాను. వాడప్పటికే కాగితం ముక్కల మీద పేర్లు రాస్తున్నాడు.

నోట్‌బుక్ దొరికిన రోజు దాని మొదటి పేజీ ఫొటో తీసి వాడికి పంపాను. ఆ పేజీ చూసి ఆ 12 ఎనర్జీల డెక్‌ని వాడు మళ్లీ అలాగే కట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి పెట్టాడట. నిన్న పట్టుకొచ్చాడు. "నువ్వు దీంతో ఆడు, నేను పాత మ్యూ తీస్తాను" అన్నాడు. ఇప్పుడు వీక్‌నెస్ తెలుసు కదా, ఒక్క దెబ్బకు లేపేద్దామని కూర్చున్నాను. మొదటి ఏడు కార్డులు తీశాను. బేసిక్ లేదు. కలిపి మళ్లీ తీశాను, మళ్లీ లేదు. మూడోసారి ఒక చార్మాండర్ వచ్చింది, దాంతో పాటు ఐదు నిప్పులు. వాడు రెండు కార్డులు అదనంగా తీసుకుంటూ నా వంక చూడకుండా నవ్వుకున్నాడు.