గ్రాఫిక్స్ కార్డు మార్చాక సీపీయూలోంచి వింత సౌండ్లు: నా అనుభవం

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. ఆఫీసంటూ ఏమీ లేదు, హనుమకొండలో మా ఇంటి వెనక గదిలోనే సిస్టమ్. కెమెరాలన్నీ 4కేకి వచ్చేశాక, 4 జీబీ మెమరీ ఉన్న నా పాత జీటీఎక్స్ 1050 టీఐ కార్డు చేతులెత్తేసింది. రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాస్త నాయిస్ రిడక్షన్ వేస్తే చాలు, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మెమరీ నిండిపోయిందని మెసేజ్. ఇక లాభం లేదని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి 12 జీబీ కార్డు తెచ్చుకున్నాను.

కార్డు ఒక్కదానితో పోలేదు. పాతదానికి మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లే సరిపోయేవి, విడిగా పవర్ కేబుల్ పెట్టే పనే లేదు. కొత్తది లోడ్ మీద 170 వాట్లు లాగుతుంది, 8 పిన్నుల కేబుల్ కావాలి. ఇంట్లో ఉన్న 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు (సిస్టమ్ మొత్తానికి కరెంటు ఇచ్చే డబ్బా) ఆ కేబులే లేదు. అదీ మార్చి 650 వాట్లది వేశాను. పైగా కొత్త కార్డు పొడవెక్కువ, హార్డ్ డిస్కులు పెట్టే కేజ్‌కి తగులుతోంది. కేజ్ తీసేసి, 4 టీబీ డిస్క్‌ని క్యాబినెట్ అడుగు రేకుకు స్క్రూలతో బిగించాను.

ఈ చరిత్రంతా ఎందుకంటే, ఎవరైనా "కార్డు మార్చాక సౌండ్ వస్తోంది" అన్నప్పుడు అందరి వేళ్లూ కార్డు వైపే చూపిస్తాయి. నిజానికి కార్డుతో పాటు ఇంకో రెండు మూడు మారి ఉంటాయి. నా సిస్టమ్‌లో అన్నీ కలిసి ఒకటే గోల. ఏది ఎక్కణ్నుంచి వస్తోందో విడదీయడమే అసలు పని.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు హార్డ్ డిస్క్ సంగతి తేల్చుకున్నాను. అందులో కస్టమర్ల ఫుటేజ్ ఉంది. ఫొటో పోతే మళ్లీ దిగొచ్చు, పెళ్లి మళ్లీ చేయించలేం కదా. డిస్క్‌లోంచి టక్... టక్... అని ఆగి ఆగి వస్తూ, ఫైళ్లు తెరుచుకోవడానికి సిస్టమ్ బిగుసుకుపోతుంటే మిగతా సౌండ్ల సంగతి తర్వాత, ముందు కాపీ తీసుకోవాలి. నేను ముఖ్యమైనవన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించి, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. అందులో 05 నంబరు, అంటే పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్ల లెక్క. సీ5 నంబరు, అంటే చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్ల లెక్క. రెండూ సున్నా. సీ7 అని ఇంకోటి ఉంటుంది, అది పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. అదీ పెరగడం లేదు. అప్పటికి ప్రాణం కుదుటపడింది.

వరసగా టకటకమని కొట్టుకునేది తేలిగ్గానే దొరికింది. కొత్త ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లలో ఒకటి వంగి ముందు ఫ్యాన్ రెక్కకు తగులుతోంది. జిప్ టై వేసి వెనక్కి లాగి కట్టేశాను.

అది పోయాక దాని వెనక దాక్కున్న ఇంకోటి బయటపడింది. ఏ పనీ చేయకుండా సిస్టమ్ ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు గుయ్‌మని ఒక బరువైన సౌండ్. అది నిలకడగా ఉండదు. పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది, దాదాపు సెకనుకోసారి. బల్ల మీద చెయ్యి పెడితే చేతికి తెలుస్తోంది. సీపీయూ సైడ్ డోర్ అరచేత్తో నొక్కితే తగ్గుతోంది, వదిలితే మళ్లీ మొదలు.

ఇక్కడ నాకు బాగా అక్కరకొచ్చింది ఫోన్‌లో వేసుకున్న స్పెక్ట్రాయిడ్ యాప్. మైకుకు వినిపించే సౌండ్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గీతలుగా చూపిస్తుంది. ఫోన్‌ను క్యాబినెట్ పక్కన పెడితే 120 హెర్ట్‌జ్ (సెకనుకు 120 కంపనాలు) దగ్గర గోపురంలా ఒక గీత లేచింది. నా హార్డ్ డిస్క్ తిరిగే వేగం 7200 ఆర్‌పీఎమ్. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకు 120. దొంగ సగం దొరికాడు. మరి ఆ పెరగడం తగ్గడం ఏంటి? వెనక ఫ్యాన్ అప్పుడు 1040 ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతోంది, దానికి ఏడు రెక్కలు. 1040ని 60తో భాగించి ఏడుతో గుణిస్తే 121 చిల్లర. 120 ఒకటి, 121 ఒకటి. తంబూరాలో రెండు తీగలు శ్రుతి కలిసీ కలవనప్పుడు నాదం ఎలా ఊగుతుందో ఇదీ అంతే, రెండు ఫ్రీక్వెన్సీల తేడా ఎంతో సెకనుకు అన్ని ఊపులు. లెక్క సరిపోయేసరికి ఎగ్జామ్‌లో పాసైనంత సంబరమేసింది, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేను గానీ.

రుజువు కోసం బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల్లోకి) వెళ్లి ఆ ఫ్యాన్‌ను 900కి దించాను. ఊగడం ఆగింది. గుయ్‌ మాత్రం సన్నగా అలాగే ఉంది, అది డిస్క్‌ది. కేజ్‌లో ఉన్నప్పుడు దాని నాలుగు స్క్రూల దగ్గరా రబ్బరు బుడిపెలు ఉండేవి, డిస్క్ వణుకు రేకుకు చేరేది కాదు. ఇప్పుడు ఇనుము మీద ఇనుము, పల్చటి రేకంతా స్పీకర్ డయాఫ్రమ్‌గా పనిచేస్తోంది. పాత కేజ్‌లోంచి ఆ రబ్బర్లే పీకి డిస్క్ కింద వేసి, స్క్రూలు మరీ బిగించకుండా పెట్టాను. స్పెక్ట్రాయిడ్‌లో 120 గీత బాగా కిందికి దిగిపోయింది. కొందరు డిస్క్‌ను స్పాంజ్ మీద వదిలేస్తారు. నాకది నచ్చదు. వేడి పోయే దారి ఉండదు, మా ఊరి ఎండాకాలంలో అసలే వద్దు.

ఎండాకాలం అంటే గుర్తొచ్చింది. చల్లగా ఉన్నంతసేపూ ఈ కాలపు కార్డుల ఫ్యాన్లు తిరగవు, వేడి యాభై డిగ్రీలు దాటాక మొదలవుతాయి. మా వెనక గది వేడికి కార్డు ఊరికే ఉన్నా సరిగ్గా ఆ గీత దగ్గరే తచ్చాడుతుంది. ఫ్యాన్ వుష్‌మని లేస్తుంది, రెండు మూడు డిగ్రీలు తగ్గగానే ఆగుతుంది, కాసేపటికి మళ్లీ వుష్‌. కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్యాన్‌ను 30 శాతానికి తగ్గకుండా ఎప్పుడూ తిరిగేలా పెట్టేశాను. ఆగి ఆగి వచ్చేదానికంటే ఒకే తీరున వచ్చే చిన్న సౌండ్ నయం, చెవి దాన్ని మర్చిపోతుంది.

అన్నిటికంటే ముదురు కేసు కీచు. మొదట పట్టుకున్నది మా అమ్మాయి. నా సిస్టమ్‌లో గేమ్ పెట్టుకుని, "డాడీ, ఆ కీచు ఆపవా?" అంది. నాకు లీలగా వినిపిస్తోంది. మా అమ్మను పిలిచి అడిగితే "నాకేం ఇనబడ్తలేదు బిడ్డా" అంది. వయసు మీద పడేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు వినిపించడం తగ్గుతుంది, అందుకే ఇలాంటి వాటికి ఇంట్లో పిల్లల చెవులే మంచి మీటర్లు.

గమ్మత్తేమిటంటే గేమ్ ఆడుతున్నప్పుడు కీచు తక్కువ, మెనూ స్క్రీన్‌లో ఎక్కువ. మెనూలో గీయాల్సిన బొమ్మ ఏమీ ఉండదు గనక కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీసి పారేస్తోంది. కార్డు మీద చిప్ చుట్టూ బూడిద రంగు చదరపు దిమ్మలు వరసగా ఉంటాయి, వాటిని చోక్స్ అంటారు, లోపల ఉండేది రాగి చుట్టే. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్టులను చిప్‌కు కావాల్సిన ఒక వోల్టు దగ్గరికి దించే పనిలో ఇవీ భాగం. ప్రతి ఫ్రేముకూ కరెంటు లేస్తూ పడుతూ ఉంటుంది, దాంతో పాటు చుట్టలో అయస్కాంత బలమూ మారి, తీగ కంటికి కనిపించనంత వణుకుతుంది. ఆ వణుకు మనిషి చెవికి అందే పరిధిలోకి వచ్చిందా, కీచే. ఇది ఏ ఒక్క కంపెనీ కార్డులోనో ఉండే జబ్బు కాదు. ఎస్‌ఎంపీఎస్‌లలోనూ వస్తుంది.

కాబట్టి ముందు కార్డుదో ఎస్‌ఎంపీఎస్‌దో తేలాలి. పాత క్యాలెండర్ కాగితం ఒకటి గొట్టంలా చుట్టి, ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన ఫ్యాన్లకు తగలకుండా దూరంగా పట్టుకుని ఒక్కో చోటా విన్నాను. కార్డు వెనక భాగం దగ్గర గట్టిగా, ఎస్‌ఎంపీఎస్ జాలీ దగ్గర అసలు లేదు. ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం వచ్చినా దాని డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

షాపుకు ఫోన్ చేస్తే "అది నార్మల్ సార్, రీప్లేస్‌మెంట్ రాదు" అన్నారు. కార్డు పని చేస్తున్నంత వరకు ఈ కీచును లోపం కింద లెక్కేయకపోవడం మామూలేనని తెలుసు గనక వాదించలేదు.

డ్రైవర్ సెట్టింగుల్లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్‌ను 75కి పెట్టాను, నా మానిటర్ 75 హెర్ట్‌జ్‌దే. మెనూ కీచు అక్కడితో చచ్చింది. రెండర్ పెట్టినప్పుడు, అంటే ఎడిట్ చేసింది ఫైలుగా తయారయ్యేటప్పుడు వచ్చేది మాత్రం మిగిలింది. దానికి అండర్‌వోల్ట్ చేశాను, అంటే చిప్‌కు అందే వోల్టేజ్ తగ్గించాను. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వోల్టేజ్ గ్రాఫ్ వస్తుంది. అందులో 875 మిల్లీవోల్టుల దగ్గర 1800 మెగాహెర్ట్‌జ్ పెట్టి, అక్కణ్నుంచి గీతను అడ్డంగా చదును చేశాను. 170 వాట్లు లాగేది 130 దాటడం లేదు, ఎక్స్‌పోర్ట్ టైమ్‌లో తేడా నాకు పట్టనంత తక్కువ. నా అంకెలే మీ కార్డుకు సరిపోతాయని లేదు, చిప్ చిప్‌కూ మారతాయి. ఒక పొడుగాటి రెండర్ క్రాష్ కాకుండా నిలిచాకే నమ్మాలి. కీచు పూర్తిగా పోయిందని చెప్పను. సైడ్ డోర్ వేసి, సీపీయూని బల్ల మీంచి కిందికి దించాక మా అమ్మాయి మళ్లీ అడగలేదు.

ఇవన్నీ సర్దుకున్నాక ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీదికి మారగానే ఎస్‌ఎంపీఎస్ బర్రుమని అందుకుంది. తలెత్తి చూస్తే సీలింగ్ ఫ్యాన్ కూడా అదే మూలుగు. అక్కడే అర్థమైపోయింది. మాది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. లైన్‌లో వచ్చే కరెంటు నున్నటి అలలా ఉంటుంది, ఇది ఇచ్చేది మెట్లు మెట్లుగా. పాత ఎస్‌ఎంపీఎస్ పట్టించుకోలేదు. కొత్తదానిలో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉంది, లోపలికొచ్చే అల ఆకారాన్ని బట్టి కరెంటు లాగే సర్క్యూట్ అది. మెట్లు ఎదురైతే బర్రుమంటుంది, లోడ్ ఎక్కువుంటే ఏకంగా ఆగిపోనూవచ్చు. కరెంటు వచ్చాక మెయిన్ ఒకసారి వేసి, ఒకసారి తీసి చూశాను. లైన్ మీద నిశ్శబ్దం, ఇన్వర్టర్ మీద బర్రు. ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పోయేది కాదిది. ఇన్వర్టర్ బ్యాటరీ ఎలాగూ ఆఖరి రోజుల్లో ఉంది, మార్చేటప్పుడు సైన్ వేవ్‌ది తీసుకుంటాను. అందాకా కరెంటు పోతే ప్రాజెక్ట్ సేవ్ చేసి సిస్టమ్ ఆఫ్ చేసేస్తున్నాను.