స్పామ్‌లోంచి బయటపడ్డ నా న్యూస్‌లెటర్: నా అనుభవం

నిన్న సాయంత్రం పంపిన న్యూస్‌లెటర్ స్పామ్‌లో కాకుండా ఇన్‌బాక్స్‌లో పడింది. ఊరికే అనుకోవడం కాదు, వేరువేరు మెయిల్ సర్వీసుల్లో నేను పరీక్ష కోసం పెట్టుకున్న ఖాతాల్లో చూసుకున్నాను. పైగా కొందరు జవాబులు కూడా రాశారు. కోపం చల్లారితే సగం మర్చిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నా పని చిన్న వ్యాపారాలకు లెక్కలు చూసిపెట్టడం. వచ్చి వివరాలు అడిగినవాళ్లలో ఎక్కువమంది "ఆలోచించి చెబుతామండీ" అని వెళ్లిపోతారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. సొంతంగా వ్యాపారం నడిపేవాళ్లకి ఆ రోజుకి లెక్కల కన్నా తొందర పనులు చాలా ఉంటాయి. తర్వాతెప్పుడో బ్యాంకులో అప్పుకి వెళ్లినప్పుడో, భాగస్వామితో తేడా వచ్చినప్పుడో, ఉన్న అకౌంటెంట్ చెప్పాపెట్టకుండా మానేసినప్పుడో అవసరం ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ రోజు నా పేరు వాళ్లకి గుర్తుకు రావాలి, అంతే. ఫోన్ చేసి "ఏం ఆలోచించారండీ" అని అడిగితే రెండోసారికి ఫోన్ ఎత్తరు. నెలకో ఉత్తరమైతే తీరికుంటే చదువుతారు, లేకపోతే పంపినవాళ్ల పేరు చూసి వదిలేస్తారు. పేరు చూసినా నాకు లాభమే.

జాబితా తయారుచేయడం కష్టం కాలేదు. ఎంక్వైరీకి వచ్చినప్పుడు రాసుకున్న చిరునామాలే. వాటికి కూడా నేరుగా పంపలేదు. "నెలకో ఉత్తరం రాస్తాను, కావాలంటే ఈ లింకు నొక్కండి" అని ఒక్కొక్కరికీ విడిగా రాసి, నొక్కినవాళ్లనే చేర్చుకున్నాను. జాబితా బాగా చిక్కిపోయింది. చిక్కితే చిక్కనీ. మధ్యలో ఒకాయన వేలకొద్దీ వ్యాపారస్తుల మెయిల్ ఐడీలు అమ్ముతానని వెంటపడ్డాడు. అలాంటి జాబితాల్లో ఎప్పుడో మూసేసిన చిరునామాలుంటాయి, స్పామ్ పంపేవాళ్లని పట్టుకోవడానికి వలగా పెట్టిన చిరునామాలూ ఉంటాయి. వాటికి ఒక్కసారి పంపితే చాలు, మన డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే పేరు) పరువు పోతుంది. ఆయన్ని గుమ్మంలోంచే పంపించేశాను. నా గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే, ఈ ఒక్క పనే తర్వాత నన్ను కాపాడింది.

న్యూస్‌లెటర్ పంపే సర్వీసులో ఖాతా తెరవడం, ఉత్తరం రాయడం ఒక్క పూటలో అయిపోయాయి. ఇక అక్కణ్ణుంచి మొదలైంది.

ఆ సర్వీసు నా డొమైన్‌లో కొన్ని డీఎన్ఎస్ రికార్డులు, అంటే డొమైన్ గురించి మిగతా సర్వర్లు చూసుకునే నమోదులు, పెట్టమంది. ఇది వాళ్ల చాదస్తం కాదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5000 పైన మెయిళ్లు పంపేవాళ్లయితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి. నాలాంటి చిన్నవాళ్లకి మొదటి రెండింటిలో ఒకటైనా తప్పదు. ఎస్‌పీఎఫ్ అంటే నా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పే జాబితా. డీకిమ్ అంటే ప్రతి మెయిల్ మీదా పడే డిజిటల్ సంతకం. అది అసలుదా కాదా అని సరిచూసే కీ నా డొమైన్ రికార్డుల్లో ఉంటుంది. ఈ పరీక్షల్లో నెగ్గింది నా డొమైన్ పేరేనా అని చూసి, కాకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. ఇదంతా ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అప్పటికి నాకు ముక్క తెలీదు.

తెలీదు కాబట్టే డొమైన్ కొన్న సంస్థ హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టాను. ఏ రికార్డు ఏ పేరుతో, ఏ విలువతో పెట్టాలో సర్వీసువాళ్లు ఇచ్చిన పేజీని ఉన్నదున్నట్టు జతచేశాను. "పెట్టేశాం మేడమ్, ప్రపంచమంతా వ్యాపించడానికి 48 గంటలు పడుతుంది, ఆ తర్వాత హాయిగా పంపుకోండి" అన్నారు. టికెట్ మీద 'పరిష్కరించబడింది' అని ముద్ర కూడా వేశారు. చెప్పిన గడువు దాటినా న్యూస్‌లెటర్ సర్వీసు పేజీలో నా డొమైన్ పక్కన పసుపు రంగు గుర్తు పోలేదు. మళ్లీ అడిగాను. "మా వైపు అంతా ఓకే, అది వాళ్ల పేజీలో సమస్య" అన్నారు. సర్వీసువాళ్లని అడిగితే డొమైన్ సంస్థనే అడగమన్నారు. డొమైన్ ఖరారు కాకపోయినా వాళ్ల సొంత సంతకంతో మెయిల్ వెళుతుందని అదే పేజీలో రాసి ఉంది. సరేనని పంపాను.

ఒక్క జవాబు రాలేదు. మొదటి ఉత్తరం కదా అనుకున్నాను. రెండోది పంపాక ఫర్నిచర్ తయారుచేసే ఒకాయన ఫోన్ చేశారు. అంతకుముందు ఒక్కసారే కలిశాం. చాలా మర్యాదస్తుడు, మాట ఎలా మొదలుపెట్టాలో తెలీక నసిగారు. "మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. మీ పేరుతో ఎవరో మోసం మెయిళ్లు పంపుతున్నట్టున్నారు. స్పామ్‌లో ఉంది, పైన ఎర్రగా హెచ్చరిక కూడా వేసింది. మీకు చెప్పడం మంచిదని..." అన్నారు. ఆ మెయిల్ నేనే పంపానండీ అని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. మనుషుల బ్యాంకు కాగితాలు, జమాఖర్చులు చేతికి తీసుకునే పని నాది. నమ్మకం తప్ప నేను అమ్మేది ఇంకేముంది? రెండు ఉత్తరాలతో పరిచయం పెంచుకుందామనుకుంటే, ఆ రెండూ నన్ను దొంగలా నిలబెట్టాయి. చివరికి చెప్పాను. ఆయన "అలాగా, అలాగా" అన్నారు. నమ్మారో లేదో తెలీదు.

ఆ ఊపులోనే హెల్ప్‌డెస్క్ చాట్ తెరిచాను. అవతల ఉన్న అబ్బాయి నేను రాసింది చదివినట్టే లేదు. కాష్ క్లియర్ చేయమన్నాడు. వేరే బ్రౌజర్‌లో చూడమన్నాడు. నా మెయిల్ వేరేవాళ్ల స్పామ్‌లో పడితే నా బ్రౌజర్ ఏం చేస్తుందయ్యా అని అడిగాను. "మేడమ్, ఇది టెక్నికల్, మీకు అర్థం కాదు. మీ ఆఫీసులో ఐటీ చూసేవాళ్లెవరైనా ఉంటే మాట్లాడించండి" అన్నాడు. నా ఆఫీసులో ఐటీ, అకౌంట్లు, బయటి పనులు అన్నీ నేనే. ఆ మాటే రాశాను. చాట్ ముగిసిందని వచ్చింది, సేవ ఎలా ఉందో నక్షత్రాలు ఇవ్వమని అడిగింది. ఒకటి కన్నా తక్కువ ఇవ్వనివ్వదు ఆ పేజీ.

అక్కడితో ఆగలేదు. ఏళ్లుగా నా దగ్గరున్న పాత కస్టమర్లు "ఈ నెల బిల్లు పంపలేదేం?" అని అడగడం మొదలుపెట్టారు. పంపాను. అవీ స్పామ్‌లోనే ఉన్నాయి. అంటే న్యూస్‌లెటర్‌తో సంబంధం లేని నా మామూలు మెయిల్ కూడా చెడిపోయింది. అదే వారంలో న్యూస్‌లెటర్ సర్వీసు నా ఖాతాని ఆపేసింది. ఎవరో స్పామ్ అని నొక్కారట, ఫిర్యాదుల శాతం హద్దు దాటిందట. ఈ శాతాల లెక్క చిన్నవాళ్లకి ఎంత అన్యాయమో చూడండి. గూగుల్ చెప్పే హద్దు 0.3 శాతం, అంటే వెయ్యికి ముగ్గురు. రెండు వందల మందికి పంపేవాళ్లకి ఒక్కరు నొక్కినా 0.5 శాతం. ఒకే ఒక్క వేలు పొరపాటున తగిలినా మనం గీత దాటినట్టే.

"ఈ చిరునామాలు మీకెక్కడివి, రుజువు చూపండి" అని ఫారం పంపారు. కోర్టు బోనులో నిలబెట్టినట్టుంది వాళ్ల భాష. కానీ నా దగ్గర రుజువుంది. ఎవరు ఏ రోజు లింకు నొక్కి ఒప్పుకున్నారో ఆ సర్వీసులోనే నమోదై ఉంది, దాన్నే తీసి పంపాను. ఖాతా తెరిచారు. 'క్షమించండి' అన్న మాట మాత్రం లేదు.

ఇక ఎవర్నీ అడగదల్చుకోలేదు. జమా ఖర్చూ కలవకపోతే ఏ పద్దులో తేడా వచ్చిందో రాత్రంతా కూర్చుని పట్టుకునే మనిషిని, మెయిల్ ఎందుకు పోవట్లేదో పట్టుకోలేనా? నా పరీక్ష ఖాతాలోకి వచ్చిన మెయిల్‌ని జీమెయిల్‌లో తెరిచి, కుడివైపు మూడు చుక్కల మెనూలో 'ఒరిజినల్ చూపించు' నొక్కాను. పైనే చిన్న పట్టీలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ దేనికది ఏమైందో రాసి ఉంటుంది. తర్వాత డొమైన్ రికార్డుల పేజీ పక్కన పెట్టుకుని, సర్వీసువాళ్లు ఇచ్చిన విలువలతో అక్షరం అక్షరం పోల్చాను.

హెల్ప్‌డెస్క్ ఘనకార్యాలు మూడు బయటపడ్డాయి. డీకిమ్ రికార్డు పేరు గడిలో డొమైన్ పేరుతో సహా మొత్తం అతికించారు. ఆ గడి డొమైన్ పేరుని తనంతట తనే చివర కలుపుకుంటుంది. దాంతో డొమైన్ పేరు రెండుసార్లు వచ్చి, ఎవరూ ఎప్పటికీ వెతకని చిరునామాలో ఆ కీ కూర్చుంది. రెండోది ఇంకా అందం. ఎస్‌పీఎఫ్ రికార్డు నాకు ముందునుంచే ఉంది, న్యూస్‌లెటర్ సర్వీసు దాన్ని మార్చమని అడగనే లేదు. అయినా వీళ్లు సొంత తెలివితో ఇంకొకటి చేర్చారు. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒకటే ఉండాలి. రెండుంటే ఏది నమ్మాలో తేల్చరు, రెండూ చెల్లవు. నా బిల్లులు ఎందుకు స్పామ్‌కి పోయాయో అప్పుడు అర్థమైంది. ఇక మూడోది డీమార్క్. కొత్తగా పెట్టేవాళ్లు ముందు 'నన్' (పరీక్షలో తప్పినా ఏమీ చేయొద్దు) అనే విలువతో మొదలుపెట్టి, వచ్చే రిపోర్టులు చూసుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే బిగించాలి. సర్వీసు పేజీలోనూ అదే ఉంది. వీళ్లు నేరుగా 'క్వారంటైన్' పెట్టేశారు. అంటే "నా పేరుతో వచ్చే మెయిల్ పరీక్షలో తప్పితే స్పామ్‌లో వేయండి" అని నా డొమైనే లోకానికి చాటింపు వేస్తోంది. పరీక్షలో తప్పడానికి మిగతా రెండు ఏర్పాట్లూ వీళ్లే చేసిపెట్టారు! నా మెయిల్‌ని స్పామ్‌లో వేసిన సర్వర్లన్నీ నా ఆజ్ఞనే పాటించాయన్నమాట.

మార్చడానికి పట్టిన సమయం కాఫీ తాగేంత. ఎక్కువున్న ఎస్‌పీఎఫ్‌ని తీసేశాను, డీకిమ్ పేరులో డొమైన్‌ని కొట్టేశాను, క్వారంటైన్‌ని నన్ చేశాను. వాళ్లు భయపెట్టిన 48 గంటలు కూడా ఉత్తిదే. రికార్డు పక్కన టీటీఎల్ అని ఉంటుంది. అది 3600 అయితే పాత విలువని సర్వర్లు దాచుకునేది 3600 సెకన్లే, అంటే గంట. పసుపు గుర్తు ఆ పూటే పచ్చబడింది.

ఈ దారిలో వచ్చేవాళ్లకి నా మాట ఒకటే: రికార్డులు మీరే పెట్టుకోండి. వేరేవాళ్లతో పెట్టించినా, తర్వాత ఆ పేజీని మీ కళ్లతో పోల్చి చూసుకోండి. ఉచిత మెయిల్ ఐడీని పంపేవారి చిరునామాగా పెట్టి ఇలాంటి సర్వీసుల ద్వారా పంపొద్దు. ఆ డొమైన్ మీది కాదు కాబట్టి దాని పేరుతో సంతకం కుదరదు. ఆపేయమనే లింకుని మూలన సన్న అక్షరాల్లో దాచకండి. అది కనబడకపోతే జనం నొక్కేది స్పామ్ బటనే. నేనిప్పుడు మొదటి వాక్యంలోనే "ఫలానా సందర్భంలో మీరు నా దగ్గరికి వచ్చారు, అందుకే ఈ ఉత్తరం" అని రాస్తున్నాను.

ఎంతమంది తెరిచారన్న అంకె చూసి పొంగిపోకండి. మెయిల్‌లో పెట్టిన బొమ్మ డౌన్‌లోడ్ అయితే తెరిచినట్టు లెక్కేస్తారు. 2021 సెప్టెంబరు నుంచి ఆపిల్ మెయిల్‌లో గోప్యతా రక్షణ పెట్టుకున్నవాళ్లకి బొమ్మలు ముందే డౌన్‌లోడ్ అవుతాయి. మనిషి చూడకపోయినా చూసినట్టు లెక్కలోకి వస్తుంది. నేను జవాబులే లెక్కపెడతాను. బొమ్మలు, రంగులు కూడా మానేశాను. మెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ కింది భాగం కత్తిరించి చూపిస్తుంది, ఆపేయమనే లింకు ఉండేది ఆ కిందే. ఒక ఉత్తరానికి ఒకే సమస్య, అదీ ఆ నెలలో ఎవరో ఒకరు ఫోన్‌లో నన్ను అడిగిందే రాస్తున్నాను. నిన్నటిది, వ్యాపారం డబ్బూ ఇంటి డబ్బూ ఒకే ఖాతాలో నడిపితే అప్పు కోసం బ్యాంకుకి వెళ్లినప్పుడు ఏ కాగితం చూపలేక ఇబ్బంది పడతారో అన్న దాని గురించి.

డొమైన్‌ని ఆ సంస్థ నుంచి మార్చేస్తున్నాను. బదిలీకి ముందు డొమైన్ లాక్ తీసి, బదిలీ కోడ్ తీసుకోవాలి. డీఎన్ఎస్ కూడా వాళ్ల దగ్గరే ఉంటే, ఉన్న రికార్డులన్నీ ముందే కాపీ చేసుకుని, కొత్త చోట పెట్టుకున్నాకే నేమ్‌సర్వర్లు (ఆ రికార్డుల్ని అడిగినవాళ్లకి చెప్పే సర్వర్లు) మార్చాలి. లేకపోతే మెయిల్ మళ్లీ ఆగిపోతుంది. నా రికార్డులన్నీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను. కోడ్ కోసం టికెట్ పెట్టి ఎదురుచూస్తున్నాను.