జూనియర్ ఇంటర్ ఫిజిక్స్: ఎక్కడ తడబడతారు, ఎందుకు

టెన్త్‌లో సైన్సు మార్కులు దంచేసిన పిల్లలు కూడా బెజవాడలోనో గుంటూరులోనో ఎంపీసీలో చేరిన నెలకే ఫిజిక్స్ వీక్లీ టెస్టులో చతికిలపడుతుంటారు. ఇంట్లోవాళ్లు ముందు ఫోన్‌ని, తర్వాత హాస్టల్‌ని అనుమానిస్తారు. సగం కారణం సిలబస్‌లోనే ఉంది. టెన్త్ ఫిజిక్స్ అంటే ప్రధానంగా కాంతి, కరెంటు, అయస్కాంతం. చలనం, బలం తొమ్మిదో తరగతితోనే వెనకబడిపోతాయి. ఇంటర్ మొదలయ్యేది సరిగ్గా అక్కడి నుంచే. ఏడాదికి పైగా తెరవని పాఠాల మీద కొత్త మేడ కట్టాలన్నమాట.

రెండో చిక్కు మ్యాథ్స్‌తో. ఫిజిక్స్ లెక్చరర్ తొలి వారాల్లోనే బోర్డు మీద డీఎక్స్ బై డీటీ (dx/dt, అంటే కాలంతో స్థానం మారే రేటు) రాసేస్తారు. మ్యాథ్స్ క్లాసులో ఆ అవకలనం (డిఫరెన్షియేషన్) వచ్చేసరికి చాలా నెలలు గడుస్తాయి. దానికోసం ఎదురుచూస్తే కుదరదు. మొదట కావలసింది కొంచెమే: టీ ఘాతాలకు, సైన్, కాస్‌లకు అవకలనం, టీ ఘాతాలకు సమాకలనం (ఇంటిగ్రేషన్), గ్రాఫ్‌లో వాలు, గ్రాఫ్ కింద వైశాల్యం. స్థానం 5t² + 3t అయితే వేగం 10t + 3, త్వరణం 10. రెండో సెకను చివర వేగం 23 మీ/సె. ఇంతమాత్రం చేతికి వస్తే మొదటి రెండు చాప్టర్లు గట్టెక్కుతాయి. దీంతోపాటు 30, 45, 60 డిగ్రీల సైన్, కాస్ విలువలు, సదిశను (వెక్టర్‌ను) రెండు అంశాలుగా విడగొట్టడం కాలేజీ తెరవకముందే నేర్చుకుంటే మంచిది.

ఫార్ములా కంఠతా పట్టే అలవాటు ఎక్కడ దెబ్బతీస్తుందో చూడండి. గుంటూరు నుంచి విజయవాడకు గంటకు 60 కిలోమీటర్ల చొప్పున వెళ్లి, అదే దారిలో 40 చొప్పున తిరిగొస్తే సగటు వడి ఎంత? ఎక్కువమంది 50 అంటారు. జవాబు 48. 40తో నడిచిన సమయం ఎక్కువ కాబట్టి సగటు అటువైపు ఒరుగుతుంది. దూరం ఎంతన్నది ఈ లెక్కకు అక్కర్లేదు. ఇది తోచనివాళ్లు దూరం ఇవ్వలేదని లెక్కే వదిలేస్తారు.

అసలు పరీక్ష గమన నియమాల దగ్గర, అందులోనూ ఘర్షణ దగ్గర. 10 కిలోల పెట్టెను క్షితిజానికి 30 డిగ్రీల పైకి 40 న్యూటన్ల బలంతో తాడు కట్టి లాగుతున్నాం. ఘర్షణ గుణకం 0.4. అభిలంబ ప్రతిచర్య (నేల పెట్టెను పైకి తోసే బలం) అనగానే చెయ్యి దానంతటదే ఎంజీ, అంటే పెట్టె బరువు రాసేస్తుంది: 98 న్యూటన్లు. గరిష్ఠ ఘర్షణ 39.2 వస్తుంది. ముందుకు లాగే అంశం 34.6 మాత్రమే, కాబట్టి పెట్టె కదలదని తేల్చేస్తారు. కానీ తాడు పెట్టెను 20 న్యూటన్లతో పైకి కూడా ఎత్తుతోంది. నేల మీద ఒత్తిడి 78కి తగ్గుతుంది, ఘర్షణ 31.2కి దిగుతుంది. పెట్టె కదులుతుంది! గతిక ఘర్షణకీ అదే గుణకం తీసుకుంటే త్వరణం 0.34 మీ/సె². ఇక్కడ ఫార్ములా తప్పు కాలేదు, బొమ్మ గీయలేదు, అంతే. ప్రతి లెక్కకూ ముందు పెట్టెను ఒక్కదాన్నే గీసి, దాని మీద పడే ప్రతి బలానికీ బాణం వేయాలి. తర్వాత అక్షాలు, ఆ తర్వాతే సమీకరణాలు. పరీక్ష హాల్లో దీనికి టైమేదీ అంటారు. బొమ్మకు పట్టేది అర నిమిషం, తప్పు దారిలో పోయి వెనక్కి రావడానికి పట్టేది ఐదు నిమిషాలు.

భ్రమణ చలనం అందరినీ ఏడిపిస్తుంది, మిమ్మల్నీ ఏడిపిస్తుంది. సరళ చలనం గట్టిగా వచ్చినవాళ్లకు కాస్త తక్కువ. ద్రవ్యరాశి స్థానంలో జడత్వ భ్రామకం, బలం స్థానంలో టార్క్ పెట్టుకుని చదివితే దారి దొరుకుతుంది. ఉష్ణ ధర్మాలు, అణుచలన సిద్ధాంతం తేలిగ్గానే నడుస్తాయి.

బోర్డు పరీక్షకూ ఎంట్రన్స్‌కూ ఒకేలా చదివితే రెండూ చెడతాయి. బోర్డుకు నిర్వచనం, ఉత్పాదన (డెరివేషన్), బొమ్మ పూర్తిగా రాయడం రావాలి. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో ఫిజిక్స్ 40, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ బిట్టూ ఖాళీగా వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో ఫిజిక్స్ ప్రశ్నలు 25, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. అక్కడ గుడ్డిగా పెట్టిన ప్రతి తప్పూ ఒక మార్కు తినేస్తుంది. కాలిక్యులేటర్ ఎక్కడా ఉండదు, గుణకారాలు, భాగహారాలు చేత్తోనే చేయడం అలవాటు చేసుకోండి.

ప్రాక్టికల్స్‌ని చాలామంది రికార్డు రాసే పనిగానే చూస్తారు. కానీ చాప్టర్ నిజంగా అర్థమైందో లేదో ల్యాబే చెబుతుంది. లఘు లోలకం (దారానికి వేలాడే చిన్న గోళం) తీసుకోండి. పొడవు మీటరు ఉంటే 20 డోలనాలకు దాదాపు 40 సెకన్లు పట్టాలి. స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు 'సున్నా' అనాలి. 'ఒకటి' అని మొదలుపెడితే లెక్కలోకి వచ్చేవి 19 డోలనాలే, టైము 38 సెకన్ల దగ్గర ఆగి g (గురుత్వ త్వరణం) విలువ 9.8 బదులు 10.9కి ఎగబాకుతుంది. పొడవును కొక్కెం దాకా కాదు, గోళం మధ్య దాకా కొలవాలి. ఫ్యాన్ ఆపాలి, లేకపోతే గోళం తిన్నగా ఊగకుండా గుండ్రంగా తిరుగుతుంది. మన ఎండల్లో అన్నిటికన్నా కష్టమైన స్టెప్పు ఇదే.

అనునాద గొట్టం ప్రయోగంలో ఈ ఎండే ఇంకో తమాషా చేస్తుంది. గాలిలో ధ్వని వేగం 340 మీ/సె అని గుర్తుపెట్టుకుని, 512 హెర్ట్జ్ శృతిదండంతో (ట్యూనింగ్ ఫోర్క్‌తో) రెండు అనునాదాల మధ్య దూరం, అంటే సగం తరంగదైర్ఘ్యం, 33.2 సెం.మీ. రావాలని పిల్లలు ముందే అనుకుంటారు. గదిలో 36 డిగ్రీలుంటే వేగం 331 + 0.6 × 36, అంటే సుమారు 353. దూరం 34.4 సెం.మీ. దాకా వస్తుంది. అది తప్పనుకుని రీడింగ్‌ని దిద్దేస్తారు. దిద్దకండి. థర్మామీటర్ చూసి ఆ రోజు గది ఉష్ణోగ్రతను రికార్డులో రాయండి, ఎగ్జామినర్ అడిగితే చూపించడానికి అదే ఆధారం.