అలారం మోగింది, తర్వాత?

మంగళవారం.

తలకు దెబ్బ తగిలి జ్ఞాపకశక్తి తగ్గినవాళ్ల ఫోన్లలో తరచూ కనిపించేది "మందు" అని ఒక్క ముక్క రాసిన అలారం. మోగుతుంది, వేలు ఆపేస్తుంది, మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది. ఆపిన మరుక్షణం ఎందుకు మోగిందో గుర్తుండదు మరి.

అందుకే పొద్దుటి పనంతా ఆ మాటలు మార్చడమే. "అల్మరాలో నీలం డబ్బా తీయండి. మంగళవారం రాత్రి గడి చూడండి. మాత్ర ఉంటే వేసుకోండి, ఖాళీగా ఉంటే వద్దు. తర్వాత 'అయింది' నొక్కండి." అది నొక్కేదాకా 5 నిమిషాలకోసారి మళ్లీ మోగాలి. 'ఖాళీగా ఉంటే వద్దు' అన్న ముక్క వదిలేస్తే ప్రమాదం: మాత్ర వేసుకుని నొక్కడం మరిచిపోయినవాళ్లు రెండోసారి వేసుకుంటారు. వారానికి సరిపడా గడులున్న డబ్బా ఉండి తీరాలి. ఫోన్ ఛార్జింగ్ కూడా దాని పక్కనే పెడితే, అలారం ఆపడానికైనా అక్కడిదాకా నడవాలి.

నేర్పేటప్పుడు "గుర్తు తెచ్చుకోండి చూద్దాం" అనకూడదు. తప్పు చెప్పానన్న సంగతి గుర్తుండదు గానీ చెప్పిన తప్పు మాత్రం అతుక్కుపోతుంది. మనస్తత్వ పరిశోధకులు బ్యాడ్లీ, విల్సన్ 1994లోనే చూపించిన సంగతి. అలారం మోగించి, చేయి పట్టుకుని మొత్తం చేయించాలి. ఆపైన "మోగితే ఏం చేస్తారు?" అని 30 సెకన్లకు, నిమిషానికి, 2, 4, 8 నిమిషాలకు అడగాలి. తడబడితే వెంటనే జవాబు అందించి, వాళ్లతో ఒకసారి చెప్పించి, అంతకుముందు సరిగ్గా చెప్పిన వ్యవధికి వెనక్కి రావాలి. అలసట కనబడితే ఆపేయాలి. ఆ తర్వాత చేయించినదాంట్లో తప్పులే ఎక్కువ.

ఇంట్లోవాళ్లు మెదడు ఆటల యాప్‌ల గురించి అడుగుతూనే ఉంటారు. ఆడితే ఆటలో మార్కులు పెరుగుతాయి, నిజమే. ఆ పెరుగుదల మాత్రల డబ్బా దాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ఎడమవైపు గమనించలేనివాళ్లకు 'అయింది' గుర్తు తెరమీద కుడివైపు ఉండాలి. మొదట ఒక్క అలారమే. అది నిలిచాకే రెండోది. ఫోన్లో బ్యాటరీ ఆదా సెట్టింగు అలారం యాప్‌ను నిద్రపుచ్చకుండా చూడాలి. ఆటోమేటిక్ అప్‌డేట్లు కూడా ఆపేయాలి: బటన్ చోటు మారిందంటే చేతికి పట్టుబడ్డ అలవాటు పోయి, మళ్లీ 30 సెకన్ల దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది.