అయినను

రైలు గురించి చెప్పడానికేం లేదు, రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారాక నరసాపురంలో దిగి మాధవాయిపాలెం రేవుకి ఆటో అడిగితే వంద రూపాయలన్నాడు. చిన్నప్పుడు సైకిల్ మీద ఊరికే వెళ్లొచ్చే దూరం. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

రేవులో గోదావరి దాటించే పంటు ఆగిపోయి ఉంది. ఇంజను రిపేరట. ఎంతసేపంటే చెప్పేవాడు లేడు. బైకులు, పాల క్యాన్లు, పెళ్లికెళ్లే ఆడవాళ్లు, అందరం ఎండలో నిలబడ్డాం. ఎదురుగా కనిపించే సఖినేటిపల్లికి రోడ్డున పోవాలంటే చించినాడ వంతెన దాటి దిండి, మలికిపురం చుట్టూ తిరగాలి. ఇక్కడ వంతెన వస్తుందన్న మాట నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కోపం వచ్చింది. నిజానికి ఆ కోపం పంటు మీద కాదు.

నేను వెళ్తున్నది అన్నయ్య ఇంటికి. తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. నాన్న పోయాక కొబ్బరితోట పంచుకున్నాం. గట్టు మీది మూడు చెట్ల దింపు ఎవరిదన్న దగ్గర గొడవ మొదలైంది. తప్పు ఆయనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ రెండు నెలలుగా మత్తయి సువార్త 5వ అధ్యాయం నన్ను వదలడం లేదు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుండగా నీ సహోదరుడికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. తప్పెవరిదన్న మాటే అందులో లేదు. ఆదివారం కూడికలో ప్రభువు జ్ఞాపకంగా పంచుకునే రొట్టె నా దాకా వచ్చినప్పుడల్లా అన్నయ్య ముఖం కనబడేది. మూడు వారాలు తీసుకోకుండా పక్కాయనకి అందించేశాను.

ఇది దేవుడు చెబుతున్నాడా, నా బెంగే అలా వినిపిస్తోందా? తలుపు ముఖాన వేస్తే? ఫోన్ చేసి వెళ్లమంది మా ఆవిడ. చేస్తే రావద్దంటాడని భయం.

గట్టు కింద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, వెదురు సూదితో నైలాన్ దారం తిప్పి, కన్ను కొలతకి వేలు అడ్డం పెట్టి ముడి బిగిస్తున్నాడు. ఒక కన్ను, తర్వాత ఇంకోటి. మిగతా వల కడిగి ఆరేసి ఉంది.

"రాత్రి ఏమన్నా పడిందా బాబాయ్?"

"ఏం పడలేదండి. గుర్రపుడెక్క చుట్టుకుని చిరిగింది, అంతే."

"మరి ఇవాళ?"

"పోటు వేళకి వెళ్లాలి కదండి."

నేను దిగులుగా ఉన్నానని గమనించాడేమో, పక్కనున్న తాటాకు చాప ముక్క ఇటు జరిపాడు. కూర్చున్నాను. ఇంకేం మాట్లాడుకోలేదు.

లూకా సువార్తలో జాలరి పేతురు కథ సండే స్కూల్ నుంచీ విన్నదే. వలలు వెయ్యమన్న యేసుతో, రాత్రంతా కష్టపడినా ఏమీ దొరకలేదు, "అయినను నీ మాట చొప్పున వలలు వేతును" అంటాడు. ఆ మాటకి ముందున్న చిన్న సంగతి ఆ రోజు దాకా నా మనసుకి పట్టలేదు. వాళ్లు అప్పటికి వలలు కడుగుతున్నారు. కడిగిన వలంటే పని ముగిసిందని అర్థం. మళ్లీ నీళ్లలో వేస్తే నాచంతా మళ్లీ దులపాలి, మళ్లీ కడగాలి, నిద్ర చెడినట్టే. పేతురుకి నమ్మకం కుదిరాక వల వెయ్యలేదు. సందేహం పైకే చెప్పేశాడు, చెప్పి వల వేశాడు.

మా సండే స్కూల్ మాస్టారు మిషనరీలు బౌడెన్, బీర్ దొరల గురించి చెప్పేవారు. 1836లో గ్రోవ్స్ దొర వెంట ఇంగ్లండులో ఓడెక్కి, భార్యలతో ఈ నరసాపురం వచ్చి కాపురం పెట్టారు. ఓడెక్కిన రోజు వాళ్లకీ కడుపులో ఇలాగే ఉండి ఉంటుందా అనిపించింది.

ఈలోగా బస్టాండుకి తిరిగిపోయే ఆటోవాడు "వస్తారా?" అని కేకేశాడు. ఎక్కితే సాయంత్రం రైలుకి హైదరాబాదు. ఎవరూ తప్పు పట్టరు, పంటు లేదు కదా. నిజంగానే లేచాను. బ్యాగు భుజానికి తగిలించుకున్నాను కూడా. ప్రభువా, నాకు నమ్మకం చాలడం లేదు, కానీ నువ్వు వెళ్లమన్నావు అని లోపలే అనుకున్నాను. ఏ జవాబూ వినబడలేదు, గుండె దడ తగ్గలేదు. ఆటోవాడికి చెయ్యి అడ్డంగా ఊపి మళ్లీ చాప మీద కూర్చున్నాను.

పంటు కదిలేసరికి పదకొండయింది.

అన్నయ్య అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. జుట్టు మొత్తం నెరిసిపోయింది. నన్ను చూసి లేవలేదు. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. వదిన లోపలి నుంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది.

"పంటు మీద వచ్చావా, చించినాడ మీదుగానా?" అన్నాడు అన్నయ్య.

"పంటు మీదే అన్నయ్యా."

"ఎండలో చాలాసేపు ఆపేసుంటారు" అని, వదిన వైపు తిరిగి, "వీడికి మంచినీళ్లియ్యి" అన్నాడు.