బ్రిడ్జి ఊడిందని బెంగపడకండి

తార్నాకలో ఇవాళ సాయంత్రం గిటార్ ఆరు తీగలూ ఒకేసారి విప్పేశాడు కుర్రాడు. తీగల్ని ఎత్తి పట్టే చెక్కముక్క, అదే బ్రిడ్జి, కాస్తా జారి ఒళ్ళో పడింది. పాపం, గిటార్ విరిగిందనుకుని బిక్కమొహం వేశాడు.

విరగలేదు నాన్నా. జాజ్ వాళ్ళు వాడే, పైచెక్క ఉబ్బెత్తుగా ఉండే ఆర్చ్‌టాప్ గిటార్లలో చాలావాటికి బ్రిడ్జిని అంటించరు, తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే ఒక్కో తీగా విప్పి, కొత్తది బిగించాకే పక్కదాని జోలికి వెళ్ళాలి.

బ్రిడ్జి చోటు తప్పితే 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) దగ్గర హార్మోనిక్, అంటే తీగను నొక్కకుండా వేలు తాకించి మీటితే వచ్చే స్వరం, వినండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. నొక్కిన స్వరం హార్మోనిక్ కన్నా హెచ్చితే బ్రిడ్జిని టెయిల్‌పీస్ (తీగల చివర్లు పట్టి ఉంచేది) వైపు, తగ్గితే మెడ వైపు జరపాలి. వెంట్రుకవాసి చాలు. తీగలు కాస్త వదులు చేసి జరపండి, లేదంటే పైచెక్క గీసుకుపోతుంది.

మూడో తీగ మాత్రం పైన సన్నటి లోహపు తీగ చుట్టినదే వేయండి. దానికి తగ్గట్టు కోసిన బ్రిడ్జి మీద ఉత్త తీగ వేస్తే మిగతావి సరిచేసినా ఆ ఒక్కటీ హెచ్చుగానే పలుకుతుంది.