మస్కట్‌లో ఆపరేషన్, కోనసీమలో నడక

మస్కట్‌లో ఒక గిడ్డంగికి స్టోర్‌కీపరుగా పనిచేస్తుండగా, సరుకు దించే ర్యాంపు మీద కాలు మడతపడి నా కుడి చీలమండ బయటివైపు ఎముక విరిగింది. అత్యవసర విభాగంలో ఎక్స్‌రే తీసి, కాలి వెనకవైపు సిమెంటు పట్టీ వేసి, పైన మామూలు గుడ్డకట్టు చుట్టి, కాలిని దిండ్ల మీద గుండె కంటే ఎత్తులో పెట్టుకుని పడుకోమన్నారు. ఆపరేషన్ అవసరం పడవచ్చునని, వాపు తగ్గాక చూద్దామని చెప్పి పంపించారు.

మా ఊరు రాజోలు దగ్గర. ఆ రాత్రే ఫోనులో ఇంటిల్లిపాదీ పోగయ్యారు. "పరాయి దేశంలో కాలు కోయించుకోవడమేంటి నాన్నా, ముందు ఇంటికొచ్చెయ్" అని అమ్మ. "మన పక్కూళ్ళో కట్టు కట్టే ఆయన ఉన్నారండీ అల్లుడుగారూ, కత్తి పెట్టకుండానే అతికించేస్తారు" అని మామగారు. మా ఆవిడ మాత్రం రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎముకల డాక్టరుకు చూపించాలని పట్టుబట్టింది. మస్కట్‌లోని రువీలో నాతోపాటు గదిలో ఉండేవాళ్ళ వాదన వేరు. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి ఇక్కడి ఖర్చు కంపెనీ భరిస్తుంది, దేశం దాటితే ఆ బీమా పైసా కూడా ఇవ్వదు అని వాళ్ళు గుర్తుచేశారు. అది నిజమే. అయితే ఆ గది లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తులో ఉందన్నదీ నిజమే.

రెండోసారి వెళ్ళినప్పుడు చూసిన డాక్టరు మలయాళీ. ఓపికగా ఎక్స్‌రే తెర మీద పెట్టి, అసలు సమస్య ఎముక విరగడం కాదని, కీలు నిలకడ తప్పిందా లేదా అన్నదేనని వివరించారు. వడ్రంగి రెండు చెక్కల మధ్య గాడిలో మూడో చెక్కను బిగించినట్లు, కాలి పొడుగు ఎముకల రెండు కొసల మధ్య మడమ పైనుండే ఎముక ఒకటి కూర్చుని ఉంటుందట. ఆ ఎముక 1 మిల్లీమీటరు పక్కకు జరిగినా కీలులో ఒకదానికొకటి ఆనుకునే వైశాల్యం 40 శాతానికి పైగా తగ్గిపోతుందని 1976 నాటి ఒక పరిశోధనలో తేలిందని కూడా ఆయనే చెప్పారు. గాడి చెదరకపోతే సిమెంటు కట్టుతోనో బూటుతోనో సరిపోతుంది, చెదిరితే ప్లేటు, స్క్రూలు వేసి మళ్ళీ బిగించాలి. కాలిని ఒక పక్కకు వాల్చి తీసిన మరో ఎక్స్‌రేలో నాది చెదిరినట్లు కనిపించింది.

అప్పుడు నేను అడిగినది ఒక్కటే: ఇందులో ఆగగలిగేది ఏది, ఆగలేనిది ఏది? ఆపరేషన్ రెండు వారాల లోపు అయితే మంచిదని, ఆ తరువాత ఎముక ఉన్న వంకరలోనే అతుక్కోవడం మొదలుపెడుతుంది కనుక సరిచేయడం కష్టమవుతుందని ఆయన అన్నారు. ఆపరేషన్ తరువాతి వ్యాయామాలకు మాత్రం ఏ ఊరైనా ఒకటేనన్నారు. ఈ జవాబుతో నా లెక్క తేలిపోయింది. సెలవు మంజూరై, టికెట్టు దొరికి, ఇంటికి చేరి, అక్కడ ఇంకో డాక్టరు మళ్ళీ మొదటి నుంచి చూసేసరికి ఆ గడువులో ఎంత మిగులుతుందో నేను చెప్పలేను. కోత ఇక్కడ, కోలుకోవడం అక్కడ అని ఇంటికి చెప్పేశాను.

మామగారిని ఒప్పించడమే కష్టమైంది. ఆయన చెప్పే కట్టు మీద నాకు చిన్నచూపు లేదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. పక్కకు జరగని విరుపు కదలకుండా ఉంచితే దానంతట అదే అతుక్కుంటుంది, ఆ మంచిపేరు కట్టిన వారికి దక్కుతుంది. నా కాలు ఆ కోవలోది కాదు. పైగా వాపు ఇంకా పెరుగుతున్న రోజుల్లో వెదురు బద్దలు పెట్టి బిగించి కడితే లోపల రక్తం ఆడక వేళ్ళు నల్లబడే ప్రమాదం ఉంటుంది. వేళ్ళు తిమ్మిరెక్కినా, పాలిపోయినా, కదిపితే ఓర్చుకోలేని నొప్పి వచ్చినా వెంటనే పరుగెత్తుకు రమ్మని మస్కట్‌లో ఇచ్చిన కాగితంలోనూ ఉంది. అది చదివి వినిపించాక ఆయన ఇక మాట్లాడలేదు.

ఆపరేషన్‌కు ముందు రోజూ నర్సు వచ్చి కట్టు విప్పి చీలమండ చర్మాన్ని పరీక్షించేది. తొలిరోజుల్లో అది ఊదిన బెలూనులా నున్నగా మెరుస్తూ ఉండేది. ఒక ఉదయం పాదాన్ని కొంచెం పైకి వంచినప్పుడు చర్మం మీద సన్నటి ముడతలు పడ్డాయి. వాపు తీసిందనడానికి, కుట్లు నిలుస్తాయనడానికి అదే గుర్తట. వెన్నుకు మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. దాని గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు, సుత్తి చప్పుడు తప్ప.

ప్రయాణానికి కుట్లు విప్పేదాకా ఆగమన్నారు. కదలని కాలితో విమానంలో కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది కనుక, పొట్ట మీద చర్మం కింద వేసుకునే ఇంజెక్షన్లు రాసిచ్చారు. చక్రాల కుర్చీ ముందుగా బుక్ చేయించాను. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, ఎక్స్‌రేల సీడీతోపాటు, ప్లేటు, స్క్రూల పెట్టెల మీది స్టిక్కర్ల కాపీ కూడా అడిగి తీసుకున్నాను. ఏ కంపెనీ, ఏ సైజు అన్నది అందులోనే ఉంటుంది. ఎప్పుడైనా అవి తీయాల్సి వస్తే వాటికి సరిపోయే స్క్రూడ్రైవరు ఉండాలి కదా.

హైదరాబాదు మీదుగా రాజమండ్రి విమానాశ్రయమున్న మధురపూడిలో దిగి, జొన్నాడ వంతెన దాటి ఇంటికి చేరేసరికి కాలువలు కట్టేసి ఉన్నాయి. వేసవి కావడం మేలైంది. వానాకాలమైతే మా వీధి బురదలో చేతికర్రలతో అడుగు వేయడం నా వల్ల అయ్యేది కాదు. మా ఆవిడ మడత కమోడు కుర్చీ ఒకటి ముందే తెప్పించి ఉంచింది. నా ఉద్దేశంలో ఆ కుర్చీ సగం వైద్యం.

అమలాపురం నుంచి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి మొదటి పాఠంగా బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయించింది. ఇంగ్లీషు అక్షరాలు రాస్తుంటే ఆపి, "తెలుగులో రాయండి అంకుల్, మనవి గుండ్రం కదా, కీలు అన్ని వైపులా తిరుగుతుంది" అంది. 'ఋ' దగ్గర ప్రాణం పోయింది. బరువు మోపవచ్చునని డాక్టరు చెప్పాక ముందు రెండు కర్రలతో, తరువాత ఒకదానితో, ఆపైన గోడ పట్టుకుని నడక నేర్చుకున్నాను. చదును నేల మీద నడక త్వరగానే వచ్చింది. కొబ్బరితోటలో బోదె (నీళ్ళు పారే చిన్న కాలువ) దాటడం, ఒక పక్కకు వాలిన కాలువగట్టు మీద నడవడం వేరే సంగతి. గట్టు వాలే వైపుకు చీలమండ క్షణక్షణం సర్దుకోవాలి. మామగారు పక్కనే నడుస్తూ, ముట్టుకోకుండా, చెయ్యి మాత్రం చాచి ఉంచేవారు.

అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది గొంతుకూర్చోవడం. మడమ నేలకు ఆని ఉండగానే మోకాలు ముందుకు రావాలి, అందుకు చీలమండ బాగా వంగాలి. మస్కట్‌లో నడక బాగుందా, మెట్లు ఎక్కుతున్నారా అన్నవే ప్రశ్నలు. మా ఇంట్లో పాత మరుగుదొడ్డి వాడకం, తోటలో కాయలు ఏరడం రెండూ గొంతుకూర్చుని చేసేవే. మడమ కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుని కూర్చుని, ఆ మడతను ఒక్కొక్కటిగా పలచన చేస్తూ పోయాను. కాలువలకు నీళ్ళు వదిలాక కొంతకాలానికి తువ్వాలు అక్కర్లేకపోయింది.

ప్లేటు తీయించుకోమని ఇప్పుడు అమ్మ అంటోంది, ఒంట్లో ఇనుము ఉండకూడదని. అమలాపురం డాక్టరు మాత్రం, ఎముక అతుక్కుంది, బూటు రాసుకుని నొప్పి పెడితే తప్ప ముట్టుకోవద్దన్నారు. నాకు చలిరోజుల్లో కొంచెం పట్టేసినట్లు ఉండడం మినహా బాధ లేదు. తీయిస్తే మళ్ళీ కోత, మళ్ళీ సెలవు. అందుకే ఉంచుకునే మస్కట్‌కు తిరిగి వచ్చాను, ఈసారి కింది అంతస్తు గదికి.